టెక్సస్ శాసనసభకు ఏ మతమూ లేని అభ్యర్థి: మద్దతు ఇవ్వవచ్చా, ఇస్తే ఎలా?

ఫ్రిస్కో వాసి

సభ్యులందరికీ నమస్కారం. గత శనివారం సాయంత్రం మా ఇంటి తలుపు తట్టిన ఒకామె గురించి రాస్తున్నాను. వచ్చే నవంబరులో మా నియోజకవర్గం నుంచి టెక్సస్ ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్నారు. అంతకుముందు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారట. గుమ్మానికి కట్టిన ప్లాస్టిక్ మామిడాకుల తోరణాన్ని, పక్కన వరసగా ఉన్న చెప్పులను చూసి, మేము చెప్పకముందే బూట్లు విప్పి లోపలికి వచ్చారు. ఆస్తిపన్ను గురించి, బళ్లలో టీచర్ల కొరత గురించి పది నిమిషాలు మాట్లాడాక, ఆ వేళకు మా ఇంట్లోనే కాఫీ తాగుతున్న పక్కింటి పెద్దాయన "మీరు ఏ చర్చికి వెళతారు?" అని అడిగారు. ఆమె తడుముకోకుండా, "ఏ చర్చికీ వెళ్లను, నాకు దేవుడి మీద నమ్మకం లేదు, మీ నమ్మకానికి మాత్రం ఎప్పుడూ అడ్డురాను" అన్నారు. ఆయన ఏమీ అనలేదు. ఆమె వెళ్లిపోయాక మాత్రం నాతో, "మనిషి మంచిదే గానీ నా ఓటు ఆమెకు పడదు" అన్నారు.

ఆ మాట నన్ను వదలడం లేదు. నేను నాస్తికుణ్ణి కాను, శనివారం ఉపవాసం ఉంటాను, మా అబ్బాయి అక్షరాభ్యాసం ఇక్కడి గుడిలోనే చేయించాను. అయినా ఆమెకు సాయపడాలని ఉంది. ఇది సబబేనా, చట్టం ప్రకారం ఎవరెవరు ఏమేం చేయవచ్చు, ఇంతకుముందు ఇలాంటివారు ఎక్కడైనా గెలిచారా అన్నవి తెలిసినవారు రాయగలరని మనవి. ఆమె పేరు ఇక్కడ రాయను, ఇది ప్రచారం కాదు.

లెక్కల మాస్టారు

ఫ్రిస్కో వాసి గారూ, ముందుగా మీ రాష్ట్ర రాజ్యాంగాన్ని ఒకసారి తెరిచి చూడండి. మొదటి అధికరణంలోని నాలుగో సెక్షన్, ప్రభుత్వ పదవికి ఎలాంటి మతపరీక్షా ఉండరాదని, మతాభిప్రాయాల కారణంగా ఎవరినీ పదవికి దూరం చేయరాదని చక్కగా చెబుతుంది. చెప్పిన చోట ఆగకుండా, ఆ వ్యక్తి ఒక పరమాత్మ ఉనికిని ఒప్పుకొన్నట్లయితే, అని ఒక షరతు తగిలిస్తుంది. పరీక్ష లేదంటూనే పరీక్ష పెట్టిన ఆ వాక్యం నేటికీ అక్కడే ఉంది. ఆర్కాన్సా, మిసిసిపీ, టెనెసీ, ఉత్తర, దక్షిణ కరొలైనాలు, మేరీల్యాండ్ రాజ్యాంగాలలోనూ ఇలాంటి వాక్యాలే మిగిలి ఉన్నాయి.

అయితే అవి పళ్లు రాలిన వాక్యాలు. మేరీల్యాండ్‌లో రాయ్ టొర్కాసో అనే ఆయనకు నోటరీ పదవి ఇచ్చి, దేవుడున్నాడని ప్రమాణం చేయనన్నందుకు దాన్ని నిలిపివేస్తే, ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1961లో న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ఆయన పక్షాన తీర్పు చెప్పారు. అది తెలిసి కూడా దక్షిణ కరొలైనా తన వాక్యాన్ని పట్టుకునే ఉంది. చార్లస్టన్ కాలేజీలో గణితం చెప్పిన హెర్బ్ సిల్వర్‌మన్ గారు (మా శాఖవారే కాబట్టి కాస్త అభిమానం) ఆ వాక్యాన్ని కదిలించడానికే 1990లో గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిపోయారు. ఆ తర్వాత నోటరీ పదవికి దరఖాస్తు చేసి, అది తిరస్కరించబడితే కోర్టుకెక్కి, 1997లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులోనే గెలిచారు. ఒక ముద్ర, ఒక సంతకం చేసే పదవి కోసం అన్నేళ్లు పట్టింది.

కాబట్టి మీ అభ్యర్థికి చట్టం అడ్డు కాదు. అడ్డల్లా మీ పక్కింటాయన అన్న ఆ ఒక్క మాటే.

సందేహాల సంచి

నాకు మొదటినుంచీ ఒక అనుమానం ఉంది, దాన్ని మర్యాదగానే చెబుతాను. మన ఊళ్లలో ఎన్నికలొస్తే అభ్యర్థి మనవాడా కాదా అని కులం చూసి ఓటేసేవాళ్లం, దాన్ని తిట్టుకుంటూ ఇక్కడికి వచ్చాం. ఇప్పుడు ఒకామెకు దేవుడి మీద నమ్మకం లేదు కాబట్టి మద్దతివ్వాలంటే, అది ఆ పాత లెక్కకే కొత్త పేరు పెట్టడం కాదా? మతం ఉండటం అర్హత కానప్పుడు, లేకపోవడం మాత్రం అర్హత ఎలా అవుతుంది?

ఇంకొక మాట. బడిలో బైబిలులోని పది ఆజ్ఞల పలకను తగిలించాలన్న బిల్లు 2023లో టెక్సస్ సభకు వచ్చినప్పుడు దాన్ని గట్టిగా నిలదీసినవారిలో ముందున్నది జేమ్స్ టాలరీకో అనే ప్రతినిధి. ఆయన నాస్తికుడు కాదు, అప్పటికి ప్రెస్బిటీరియన్ సెమినరీలో, అంటే క్రైస్తవ మతగురువులను తయారుచేసే విద్యాలయంలో, విద్యార్థి. ఆ బిల్లు రాజ్యాంగానికే కాదు, తన క్రైస్తవానికి కూడా విరుద్ధమని వాదించారు. అలాంటివారు ఉండగా నమ్మకం లేనివారినే వెతుక్కోవడం ఎందుకు?

ప్లేనో అమ్మ

సంచి గారూ, మీ ప్రశ్న సరైనదే. అయితే ఆ బిల్లు 2023లో ఆగిపోయినా 2025లో చట్టమైందన్న సంగతి కూడా కలిపి చెప్పాలి కదండీ. సెనేటు బిల్లు 10 ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాల తరగతి గదిలోనూ కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉన్న పోస్టరు, గదిలో ఎక్కడ కూర్చున్నా చదవగలిగేలా ఉండాలి. అందులోని పాఠాన్ని కూడా చట్టమే నిర్ణయించింది, ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. మా అమ్మాయి ఐదో తరగతి. ఒకరోజు బడి నుంచి వచ్చి, పూజగదిలో ఉన్న వినాయకుణ్ణి చూపిస్తూ, విగ్రహాలు చేసుకోకూడదని మా గోడ మీద రాసి ఉంది, మరి మనం తప్పు చేస్తున్నామా అని అడిగింది. నేను కూర దించి, స్టవ్ ఆపి, దాని పక్కన కూర్చోవలసి వచ్చింది. ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.

ఈ చట్టం మీద కోర్టుకు వెళ్లిన కుటుంబాలలో యూదులు, క్రైస్తవులు, హిందువులు, ఏ మతమూ లేనివారు కలిసే ఉన్నారు. శాన్ ఆంటోనియోలోని ఫెడరల్ న్యాయమూర్తి 2025 ఆగస్టులో కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులలో దాన్ని నిలిపివేశారు కూడా. అయినా కోర్టుకు పోవడమంటే ఇల్లు కాలాక నీళ్లు మోయడమే. ఆ చట్టం చేసింది ఆస్టిన్‌లో కూర్చున్న 150 మంది ప్రతినిధులు, 31 మంది సెనేటర్లు. వారిలో నా బిడ్డ ప్రశ్నను అర్థం చేసుకోగలవారు ఇంకొకరు ఎక్కువ ఉండాలని కోరుకోవడం కులం లెక్క కాదని నా అభిప్రాయం.

గోదారి గట్టు

మేరీల్యాండ్ నుంచి రాస్తున్నాను. మాస్టారు టొర్కాసో కేసు ప్రస్తావించారు కాబట్టి దానికి రెండో కొస కూడా చెప్పాలనిపించింది. హైదరాబాదులో పుట్టిన మన తెలుగింటి ఆడపడుచు అరుణా మిల్లర్ గారు మా రాష్ట్ర ప్రతినిధుల సభలో ఎనిమిదేళ్లు పనిచేసి, 2023 జనవరిలో లెఫ్టినెంట్ గవర్నరుగా భగవద్గీత మీద చేయి పెట్టి ప్రమాణం చేశారు. ఆ రోజు మా ఇంట్లో టీవీ ముందు అందరం చప్పట్లు కొట్టాం, మా అత్తగారైతే కళ్లు తుడుచుకున్నారు. 1961లో ఒక నాస్తికుడు నోటరీ పదవి కోసం పోరాడింది ఇదే రాష్ట్రంలో. ఆనాడు ఆయన గెలవడమంటే, ఫలానా దేవుణ్ణి ఒప్పుకుంటేనే పదవి అని అనే అధికారం ప్రభుత్వానికి లేకుండా పోవడం. ఆ తలుపు ఆయనకు తెరుచుకుంది కాబట్టే గీత కూడా దర్జాగా లోపలికి వచ్చిందని నేననుకుంటాను.

నేను రోజూ దీపం పెట్టుకునే దాన్ని. కార్తీకమాసంలో తెల్లవారుజామున లేచి, ఇక్కడి చలిలో కూడా తలస్నానం చేస్తాను. ఆ దీపం ప్రభుత్వం వెలిగించనక్కర్లేదు, ఆర్పకపోతే చాలు. నమ్మకం లేని మనిషి ఆ మాట ఇచ్చి నిలబెట్టుకుంటే, నమ్మకం ఉండి నాది మాత్రమే నిజమనే మనిషికన్నా నాకు ఆమే దగ్గర.

ఒమాహా పాఠకుడు

ఇలాంటివారు గెలిచారా అని ఫ్రిస్కో వాసి గారు అడిగారు. మా నెబ్రాస్కాలో గెలిచారు, అది కూడా ఒకసారి కాదు. ఎర్నీ చేంబర్స్ గారు 1970లో మొదటిసారి ఎన్నికై, పదవీకాల పరిమితి వల్ల మధ్యలో నాలుగేళ్లు విరామం తీసుకున్నా, మొత్తం 46 ఏళ్లు శాసనసభలో కూర్చున్నారు. ఒమాహాలో మంగలి దుకాణం నుంచి రాజకీయాలలోకి వచ్చిన నల్లజాతి నాయకుడు. దేవుడి మీద నమ్మకం లేదని ఆయన ఎన్నడూ దాచలేదు, ఆయన నియోజకవర్గంలో చర్చికి పోయేవారికి కొదవ కూడా లేదు.

సభ మొదలయ్యే ముందు ప్రార్థన చేయడానికి ఒక ప్రెస్బిటీరియన్ పాస్టరుకు ప్రభుత్వ ఖజానా నుంచి నెలకు 319 డాలర్ల 75 సెంట్లు ఇస్తుంటే, అది మా పన్ను డబ్బని ఆయన కేసు వేశారు. 1983లో సుప్రీంకోర్టు ఆరుగురు, ముగ్గురుగా చీలి, శాసనసభ ప్రార్థన దేశ ఆచారంలో భాగమని చెప్పి ఆయన్ని ఓడించింది. ఆ కేసులో ఓడిపోయినా సీటు పోలేదు. 2007లో ఇంకా చిత్రం చేశారు: వరదలు, భూకంపాలు కలిగిస్తున్నందుకు దేవుడి మీదే జిల్లా కోర్టులో దావా వేశారు. ఎంత అల్పమైన వ్యాజ్యానికైనా కోర్టు తలుపు తెరిచే ఉండాలని చూపడం ఆయన ఉద్దేశం. ప్రతివాదికి నోటీసు అందించడానికి చిరునామా లేదని న్యాయమూర్తి దాన్ని కొట్టేస్తే, సర్వజ్ఞుడికి నోటీసు వేరుగా అందించాలా అని ఈయన అడిగారు. మన హరికథలవారు వింటే మంచి పిట్టకథ చేసేవారు.

2018లో ఒమాహా నుంచే మేగన్ హంట్ గారు ఎన్నికయ్యారు, ఆమె కూడా బహిరంగంగా నాస్తికురాలు. మా సభలో 49 మందే, ఒకే సభ, బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. దానివల్ల ఓటరు పార్టీ గుర్తును కాక మనిషిని చూడవలసి వస్తుంది. ఈ ఏర్పాటు కూడా వారికి కొంత కలిసివచ్చిందని నా ఊహ. టెక్సస్‌లో ఆ వెసులుబాటు లేదు.

సందేహాల సంచి

చేంబర్స్ గారు గెలిచింది నాస్తికత్వం వల్ల కాదని మీరే చెప్పకనే చెప్పారు. ఆయన తన పేటవారి కోసం పనిచేశారు, వారు ఆయన్ని దేవుడితో సంబంధం లేకుండా గెలిపించారు. నేను అంటున్నదీ అదే.

బెజవాడ మనవడు

మా తాతగారిది పటమట. చిన్నప్పుడు నాస్తిక కేంద్రం ముందునుంచే బడికి వెళ్లేవాణ్ణి కాబట్టి ఈ చర్చలో నోరు కట్టుకుని కూర్చోలేకపోతున్నాను. గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆ కేంద్రాన్ని ప్రారంభించి 1947లో విజయవాడకు తరలించారు. ఆయన కుమార్తె చెన్నుపాటి విద్య గారు కాంగ్రెస్ తరఫున 1980లో ఒకసారి, 1989లో మరోసారి విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ కొలువై ఉన్న ఊరది. దసరాకు లక్షలమంది మెట్లెక్కే ఆ ఊరి ఓటర్లు, గోరా గారి బిడ్డ అని తెలిసే ఆమెకు ఓటేశారు. అంతకు చాలా ముందు తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి గారు పురపాలక సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు, ఆయన ఎంతటి హేతువాదో ఆ ఊళ్లో తెలియనివారు లేరు.

అందువల్ల మనవాళ్లకు ఇది కొత్త కాదు. ఇక్కడికి వచ్చాక "నాస్తికుడు" అన్న మాట మనకు ఎందుకో పరాయిదైపోయింది. ఇంకొక తేడా కూడా గమనించండి. మన రాజ్యాంగం మూడో షెడ్యూలులో శాసనసభ్యుడు దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుడి పేరెత్తకుండా మనస్సాక్షిగా చేయవచ్చు, రెండింటికీ ఒకే విలువ. టెక్సస్ ప్రమాణపాఠం చివర మాత్రం దేవుడి సాయం కోరే మాట ఉంది. అభ్యర్థి మతం చూసి ఓటడగడం మన దేశంలో ఎన్నికల అక్రమం, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అదే వర్తిస్తుందని 2017లో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 4-3 ఆధిక్యంతో చెప్పింది. ఆచరణ సంగతి అందరికీ తెలిసిందే, దాని గురించి మాట్లాడకపోవడమే మేలు. ఇక్కడైతే మతం చెప్పి ఓటడగడం తప్పే కాదు. అందరూ చెప్పుకునే చోట ఈమె ఒక్కతే దాచిపెట్టుకోవాలనడం న్యాయం కాదు.

పద్దుల పుస్తకం

చట్టం మాట అడిగారు, జవాబు ఇంకా ఎవరూ రాయలేదు. నా వృత్తి అకౌంటింగు, వకీలును కాను. అయినా ఏటా ఇవే ప్రశ్నలు వింటుంటాను కాబట్టి రాస్తున్నాను.

హెచ్1బి, హెచ్4, ఎఫ్1 మీద ఉన్నవారు ఫెడరల్ ఎన్నికలకే కాదు, రాష్ట్ర, స్థానిక ఎన్నికలకు కూడా ఒక్క డాలరు విరాళం ఇవ్వకూడదు. ఇది ఫెడరల్ చట్టమే, ఏ రాష్ట్రంలోనైనా ఇంతే. గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. పొరపాటున ఓటరుగా నమోదైనా రేపు పౌరసత్వం దగ్గర ఇబ్బంది పడతారు, కాబట్టి డ్రైవింగ్ లైసెన్సు కౌంటరులో ఏ గడిలో టిక్కు పెడుతున్నారో చూసుకోండి. వీసా మీద ఉన్న భర్త డబ్బును పౌరురాలైన భార్య పేరిట ఇవ్వడం తెలివి అనుకునేవారున్నారు. ఒకరి డబ్బు మరొకరి పేరిట ఇవ్వడం నేరం. సొంత కంపెనీ ఉన్నవారు ఇంకొక జాగ్రత్త పడాలి: టెక్సస్‌లో కార్పొరేషన్ ఖాతా నుంచి అభ్యర్థికి చెక్కు రాయకూడదు, సొంత ఖాతా నుంచే రాయాలి. శాసనసభ అభ్యర్థికి ఒక వ్యక్తి ఇంతకు మించి ఇవ్వరాదన్న పరిమితి ఆ రాష్ట్రంలో లేదు. అందువల్లే అక్కడ పెద్ద చేతులకు చాలా బలం.

డబ్బు ఇవ్వలేని వీసాదారులు జీతం పుచ్చుకోకుండా స్వచ్ఛందంగా పనిచేయడానికి చట్టం అడ్డు చెప్పదు. తలుపులు తట్టవచ్చు, ఫోన్లు చేయవచ్చు, ప్రచార నిర్ణయాలలో మాత్రం వేలు పెట్టకూడదు.

చివరిది, అన్నింటికన్నా ముఖ్యమైనది. మన తెలుగు సంఘాలు చాలావరకు 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలుగా, నమోదైనవి. 1954 నుంచి అలాంటి సంస్థలు ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, వ్యతిరేకించకూడదు. ఆరాధనా స్థలాలలో మతగురువు తన భక్తులతో మాట్లాడేదాన్ని ఇందులోకి తేనక్కరలేదని 2025 జూలైలో ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) ఒక టెక్సస్ కేసులో కోర్టుకు చెప్పింది గానీ, ఉగాది కవిసమ్మేళనం జరిపే సంఘం ఆరాధనా స్థలం కాదు. కాబట్టి సంఘం వాట్సాప్ గుంపులో, ఈమెయిల్ జాబితాలో ఈ ప్రచారం పెట్టవద్దు. నాస్తికుల సంస్థలకూ ఇదే నియమం కాబట్టే అమెరికన్ హ్యూమనిస్ట్ అసోసియేషన్‌వారు రాజకీయ పనికి సెంటర్ ఫర్ ఫ్రీథాట్ ఈక్వాలిటీ అనే వేరే సంస్థను, దాని కింద 2013లో ఫ్రీథాట్ ఈక్వాలిటీ ఫండ్ అనే నిధిని పెట్టుకున్నారు. మీ అభ్యర్థిని వారు బలపరిచారో లేదో ఆమెనే అడగండి.

వేదిక నిర్వాహకులు

పద్దుల పుస్తకం గారికి ధన్యవాదాలు. ఈ వేదిక కూడా లాభాపేక్ష లేని సంఘానిదే కాబట్టి అభ్యర్థుల పేర్లు, విరాళాల లింకులు ఇక్కడ పెట్టవద్దని సభ్యులకు గుర్తుచేస్తున్నాం. విషయం మీద చర్చకు అభ్యంతరం లేదు.

ఎడారి ఎండ

అరిజోనాలో జరిగిన ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. 2013 మే 21న ప్రతినిధుల సభలో ఆనాటి ప్రార్థన చేయవలసిన వంతు టెంపి ప్రతినిధి హ్వాన్ మెండెస్‌కు వచ్చింది. ఆయన లేచి, ఈ గదిలో ప్రార్థన అంటే తలలు వంచమంటారు, ఈరోజు మాత్రం వంచవద్దు, తలెత్తి చుట్టూ ఉన్న మనుషులను ఒకసారి చూడండి, అన్న అర్థంలో మాట్లాడారు. శాస్త్రవేత్త కార్ల్ సేగన్ మాటలతో ముగించారు. ఎవరినీ నొప్పించే మాట అందులో ఒక్కటీ లేదు. మర్నాడు మరో ప్రతినిధి లేచి, నిన్న ప్రార్థన జరగలేదని, దానికి ప్రాయశ్చిత్తంగా ఈరోజు రెండోసారి ప్రార్థన చేద్దామని సభ్యులను పిలిచారు, సగం మంది దాకా ఆయనతో కలిసి నిలబడ్డారు. 2017లో అదే సభలో ఆథీనా సాల్మన్ అలాగే చేస్తే, ఏదో ఒక ఉన్నత శక్తిని ఉద్దేశించకపోతే నిబంధన ప్రకారం అది ప్రార్థన కింద లెక్కకు రాదన్నారు. పెన్సిల్వేనియాలోనైతే దైవం మీద నమ్మకం లేని అతిథులను ప్రార్థనకు పిలవకుండా ఉండే హక్కు ఆ సభకు ఉందని 2019లో అప్పీళ్ల కోర్టే చెప్పింది.

సంచి గారూ, మెండెస్ చేసిన చట్టాలు నాకు గుర్తులేవు. తలెత్తి పక్కవాడిని చూడమన్న ఆ రెండు నిమిషాలు గుర్తున్నాయి. నమ్మకం ఉన్న మంచివారు మన తరఫున మాట్లాడటం ఒక ఎత్తు. మనలాంటివారే అక్కడ నిలబడి, మేమూ ఈ ఇంటివాళ్లమే అనడం ఇంకొక ఎత్తు.

లెక్కల మాస్టారు

కొన్ని అంకెలు రాస్తాను, అర్థం మీరు చేసుకోండి. మీ పార్టీయే అన్ని అర్హతలూ ఉన్న నాస్తికుణ్ణి అధ్యక్ష పదవికి నిలబెడితే ఓటేస్తారా అని గ్యాలప్ సంస్థ దశాబ్దాలుగా అడుగుతోంది. వేస్తామన్నవారు 1958లో 18 శాతం, 2012లో 54 శాతం, 2019లో 60 శాతం. పెరుగుదల బాగానే ఉంది. అయినా పదిమందిలో నలుగురు, ఇంకే వివరమూ వినకముందే తలుపు వేసేస్తున్నారన్నమాట. మరోవైపు ప్యూ పరిశోధన సంస్థ 2023-24 సర్వేలో తమకు ఏ మతమూ లేదన్న పెద్దలు 29 శాతం. అందులో తమను నాస్తికులమని చెప్పుకున్నవారు 5 శాతమే, అజ్ఞేయవాదులు 6, మిగిలిన 19 శాతం ప్రత్యేకంగా ఏదీ కాదన్నారు (దశాంశాలను సవరించడం వల్ల కూడితే ఒకటి ఎక్కువ వస్తుంది). అందువల్ల ఆ 29 శాతాన్ని ఓట్ల మూటగా లెక్కగట్టుకోవద్దని ఆమెకు చెప్పండి. వారిలో చాలామందికి మతం గురించి మాట్లాడటమే విసుగు.

టెక్సస్ ప్రతినిధుల సభలో ఒక్కో నియోజకవర్గంలో 2020 జనగణన ప్రకారం సుమారు 1,94,000 మంది ఉంటారు. న్యూ హాంప్‌షైర్‌లో 400 మంది ప్రతినిధులు, ఒక్కొక్కరికి మూడున్నర వేల జనాభా, జీతం ఏడాదికి 100 డాలర్లు, మన పంచాయతీ వార్డు లాంటిది. కొత్తవారు, వింతైనవారు అక్కడ తేలిగ్గా గెలుస్తారు. టెక్సస్‌లో అలా కాదు. అయినా నిరాశపడనక్కర లేదు. 2017లో వర్జీనియా 94వ నియోజకవర్గంలో ఇద్దరు అభ్యర్థులకూ సరిగ్గా 11,608 ఓట్లే వచ్చాయి. పేర్లు రాసిన చీటీలను ఫిల్మ్ డబ్బాలలో పెట్టి, గిన్నెలో వేసి, ఒకటి తీసి విజేతను ప్రకటించారు. ఆ పేటలో ఆ రోజు బద్ధకించి ఇంట్లో పడుకున్న ఒక్క మనిషి ఎవరో గానీ, పాపం, రాష్ట్ర చరిత్రను మార్చే అవకాశం జారవిడుచుకున్నాడు.

సందేహాల సంచి

నా మాట కొంత సవరించుకుంటాను, పూర్తిగా కాదు. నమ్మకం లేదు కాబట్టి ఓటేయడం నాకు ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు. నమ్మకం లేదన్న ఒక్క కారణానికి తలుపు వేసేవారు పదిమందిలో నలుగురు ఉన్నప్పుడు, ఆ తలుపు దగ్గర ఆమె పక్కన నిలబడటం వేరే సంగతని ఇప్పుడు అర్థమైంది. అయితే ఆస్తిపన్ను మీద, నీటి ప్రాజెక్టుల మీద ఆమె ఏమంటున్నారో కూడా కనుక్కోండి. ఆ విషయాలలో నచ్చకపోతే, నాస్తికురాలైనా ఆస్తికురాలైనా ఓటేయవద్దు.

గోదారి గట్టు

అంతే కదా సంచి గారూ, పెళ్లికూతురి జాతకం చూడవద్దన్నాం గానీ గుణం చూడవద్దని ఎవరన్నారు!

ఫ్రిస్కో వాసి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఈ రెండు వారాలలో జరిగింది చెబుతాను. నేను పౌరుణ్ణి కాబట్టి 50 డాలర్లు నా సొంత ఖాతా నుంచి ఇచ్చాను. మా తమ్ముడు హెచ్1బి మీద ఉన్నాడు, వాడు డబ్బు ఇవ్వకుండా నాతో కలిసి నిన్న ఉదయం తిరగడానికి వచ్చాడు. మొత్తం 62 ఇళ్లు తిరిగితే 23 తలుపులే తెరుచుకున్నాయి. చాలాచోట్ల కెమెరా బెల్లు లోంచి గొంతు వినబడింది గానీ మనిషి కనబడలేదు.

ఒక ఇంట్లో గుంటూరు వైపు దంపతులు. ఆయన రిటైరై కొడుకు దగ్గరికి వచ్చి పౌరసత్వం తీసుకున్నారు. మా అభ్యర్థి గురించి దాచకుండా చెప్పాను. "నాస్తికురాలా, మంచిది, మా ఊళ్లో కమ్యూనిస్టులు కూడా అంతే, రోడ్డు మాత్రం వేయించారు" అన్నారాయన. ఆయన ఓటరుగా నమోదు చేసుకోలేదని అప్పుడు తెలిసింది. పౌరసత్వం వచ్చిన రోజే ఓటు దానంతట అదే వస్తుందనుకున్నారట. టెక్సస్‌లో ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు కావాలని చెప్పి, కాగితం అక్కడే నింపించాను. ఆమెకు ఓటేస్తారో లేదో అడగలేదు.

ఇంకొక ఇంట్లో ఒకాయన, తనూ తెలుగువారే, చాలాసేపు విని, పిల్లలకు ఇలాంటివారిని ఆదర్శంగా చూపించలేమని చెప్పి తలుపు వేశారు. మా తమ్ముడికి కోపం వచ్చింది, నాకు రాలేదు. నీటి ప్రాజెక్టుల మీద ఆమె అభిప్రాయం అడిగాను, జవాబు రాసి పంపిస్తానన్నారు, ఇంకా రాలేదు. సంచి గారూ, వచ్చాక ఆ సంగతి మీకు చెబుతాను.

పక్కింటి పెద్దాయన నిన్న సాయంత్రం కంచె దగ్గర కనబడి, కాళ్లు నొప్పి పెట్టాయా అని అడిగారు. ఓటు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వచ్చే శనివారం మా పేటకు ఉత్తరాన ఉన్న రెండు వీధులు మిగిలాయి, అక్కడ తెలుగు ఇళ్లు ఎక్కువ. ఉదయం తొమ్మిదింటికి, ఎండ ముదరకముందే బయల్దేరుతాం. తెలుగు మాట్లాడగలవారు ఇద్దరు కావాలి, వచ్చేవారు నాకు విడిగా సందేశం పంపండి.

ప్లేనో అమ్మ

నేను వస్తాను. మా అమ్మాయి కూడా వస్తానంటోంది, నీళ్ల సీసాలు మోస్తుందట.